సున్నా మావయ్య చేసిన ఒకే ఒక్క తప్పు

మా రాజుగారు గద్దె దిగి యాభై ఏళ్ళయింది గానీ ఉద్యోగం మాత్రం మానలేదు. రోజూ ఉత్తరాల మీద కూర్చుని ఊళ్ళు తిరుగుతూనే ఉన్నారు. సంగతేమిటంటే, పారిపోయే ముందు ఆయన తన బొమ్మతో గోదాము నిండా స్టాంపులు అచ్చు వేయించి పెట్టారు. తర్వాత వచ్చిన ప్రభుత్వానికి కొత్తవి వేయించుకునే స్తోమతు లేక, రాజుగారి ముఖం మీదే అడ్డంగా తన పేరు నల్ల సిరాతో కొట్టించి అమ్మింది. అది పడిపోయింది. దాని తర్వాతది ఎర్ర సిరా తెచ్చింది. పొరుగువాళ్ళు వచ్చి రెండేళ్ళు కూర్చుని ఆకుపచ్చ సిరా వాడారు. వాళ్ళను తరిమేసిన మనవాళ్ళు నీలం మొదలుపెట్టారు. అన్నీ తుమ్మితే ఊడే ముక్కులాంటి ప్రభుత్వాలే. గోదాములో రాజుగారు మాత్రం తరగలేదు.

ఆ పేర్లు కొట్టే పని మా మావయ్యది. మా అమ్మకు తమ్ముడు. తపాలా శాఖ భవనం వెనక ఎనిమిది మెట్లు దిగితే ఒక పొడుగాటి గది, అందులో రెండు చేతి మిషన్లు. మొదటి మిషను మావయ్యది. ఆ గదికున్న ఒకే ఒక్క కిటికీ వీధి మట్టానికి ఉంటుంది కాబట్టి లోపలివాళ్ళకు వీధిలో పోయేవాళ్ళ చెప్పులు తప్ప ఇంకేమీ కనపడవు. డైరెక్టరుగారి ముఖం ఎదురుపడితే మావయ్య తడబడతాడేమో గానీ ఆయన బూట్లను మాత్రం అరమైలు దూరం నుంచి గుర్తుపడతాడు.

పని చూడటానికి తేలిక. షీటుకి వంద స్టాంపులు. షీటు పెట్టాలి, పిడి లాగాలి, తీసి తీగ మీద ఆరేయాలి. షీటు అడుగు అంచున మిషను నంబరూ తేదీ పడతాయి. ఎక్కడైనా వంకర పోతే ఎర్ర చీటీ అంటించి పై అధికారికి అప్పగించాలి, ఆయన దాన్ని తప్పుల రిజిస్టరులో ఎక్కిస్తాడు. రెండో మిషను మీద పనిచేసే ఆయన కూనిరాగాలు తీస్తూ, టీ గ్లాసు మిషను మీదే పెట్టుకుని, నెలకు పది పదకొండు ఎర్ర చీటీలు తెచ్చుకునేవాడు. మావయ్య గడిలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ప్రతి నెలా సున్నా. అందుకే ఆఫీసులో అందరికీ ఆయన సున్నాగారు, మాకు సున్నా మావయ్య. కొత్తగా చేరిన గుమస్తాలు సున్నా అనేది ఇంటిపేరనుకునేవాళ్ళు.

నేను అదే భవనంలో పై అంతస్తులో టైపిస్టుని. ఈ కథలో వచ్చే సర్క్యులర్లన్నీ నా వేళ్ళ మీదుగా పోయినవే. అతిశయోక్తులు కలపాల్సిన అవసరం నాకు లేదు, మా శాఖే ఆ పని చేసి పెట్టింది.

మొదలంతా రెండో మిషనాయనతోనే. ఆయన ఒక షీటు మీద ప్రభుత్వం పేరు తలకిందులుగా కొట్టాడు, ఎర్ర చీటీ అంటించడం మరిచాడు, అది కౌంటరుకి వెళ్ళి అమ్ముడుపోయింది. మూడు నెలలు తిరక్కుండానే భూతద్దాలు పట్టుకుని ఎక్కడెక్కడి వాళ్ళో మా మెట్ల మీద బారులు తీరారు. తలకిందుల స్టాంపు ఉందా, ఉంటే ఇవ్వండి, లేకపోతే ఎప్పుడు తప్పు చేస్తారో చెప్పండి, వస్తాం అని ఒకటే గోల. సరైన స్టాంపులు చూపిస్తే ముఖం తిప్పుకునేవాళ్ళు. మా ప్రాంతం ఒకటుందని ప్రపంచానికి తెలిసిందే ఆ తప్పు వల్ల. డైరెక్టరుగారు వారం రోజులు ఆలోచించి నన్ను పిలిచి సర్క్యులరు చెప్పారు.

"ప్రతి మిషను నెలకు కనీసం రెండు తప్పులు చేయవలెను. తప్పు చేయదలచినవారు మూడు దినములు ముందుగా దరఖాస్తు చేసుకొని, ఏ విధమైన తప్పు, ఏ వేళ, ఎవరి సమక్షమున అనునది తెలుపవలెను. అనుమతి లేక సరిగా అచ్చు వేసినవారిపై చర్య తీసుకొనబడును."

"సార్, ఈ చివరి వాక్యం..." అన్నాను.

"అదే ముఖ్యం. గీత గీయి దాని కింద," అన్నారు.

చెయ్యమనేసరికి రెండో మిషనాయన చెయ్యి బిగుసుకుపోయింది. కూనిరాగం ఆగింది. ఎంత ప్రయత్నించినా ప్రతి షీటూ ముత్యంలా వచ్చేది. వరసగా మూడు నెలలు తప్పు చేయనందుకు ఆయనకు మెమో ఇచ్చారు. "జీవితంలో ఇంత అవమానం పడలేదమ్మా," అని నా బల్ల దగ్గర కళ్ళు తుడుచుకున్నాడు.

మావయ్య అవస్థ ఇంకో రకం. ఆయన ఆజ్ఞ జవదాటే మనిషి కాదు. దరఖాస్తు పెట్టాడు, అనుమతి తెచ్చుకున్నాడు, కోణమానినితో కొలుచుకుని, షీటుని కచ్చితంగా తిప్పి పెట్టి, తలకిందులుగా అచ్చు వేశాడు. నిజమైన తప్పు అవునో కాదో తేల్చి చెప్పడానికి, స్టాంపుల ధరల పుస్తకం వేసే కేటలాగువాళ్ళు నియమించిన నిపుణుడు ఒకాయన వచ్చేవాడు. మెడలో ఎప్పుడూ భూతద్దం వేలాడుతుంది కాబట్టి ఆయన్ని భూతద్దం ఆయన అనేవాళ్ళం. ఆయన షీటుని పావుగంట చూసి బల్ల మీద పెట్టేశాడు.

"ఇది తప్పు కాదండీ. తలకిందులుగా ఒప్పు. వెంట్రుకవాసి కూడా పక్కకి జరగలేదు. తప్పులో ఒక తొందర ఉంటుంది, ఒక కంగారు ఉంటుంది. ఇందులో ఏదీ?"

మావయ్య తల వంచుకుని, "వచ్చేసారి కంగారు పడతానండీ," అన్నాడు.

పడలేకపోయాడు. వేసిన షీట్లన్నీ తిరిగొచ్చాయి. ఆ ఏడాది చివరికి ఒక్క నిజమైన తప్పయినా రాకపోతే గది మూసేసి, మిషన్లు పాత ఇనుముకి పంపేస్తామని డైరెక్టరుగారు ప్రకటించారు. అందరూ మావయ్య దిగులు దానికే అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను, భూతద్దం ఆయన ఒక చిన్న కాగితపు పొట్లంతో మళ్ళీ వచ్చిన రోజు వరకు.

పొట్లంలో తపాలా ముద్ర పడిన ఒక పాత స్టాంపు. రాజుగారి ముఖం, దాని మీద ఆకుపచ్చ సిరా, అక్షరాలు తలకిందులు. ఎవరిదో పాత ఆల్బంలో దొరికిందట. కింద అంచు కూడా చిరగకుండా ఉంది, దాని మీద 'మిషను 1' అన్న అక్షరాలూ, ఇరవై తొమ్మిదేళ్ళ నాటి తేదీ స్పష్టంగా ఉన్నాయి. "ప్రపంచం మొత్తంలో ఇదొక్కటే ఉంది. షీటుకి వంద కదా, మిగతా తొంభై తొమ్మిదీ ఏమయ్యాయి?" అన్నాడాయన.

డైరెక్టరుగారు రిజిస్టరు తెప్పించారు. ఆ తేదీన మొదటి మిషను గడిలో సున్నా. "సున్నాగారూ, రిజిస్టరు అబద్ధమా, స్టాంపు అబద్ధమా?"

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు మావయ్య రెండు చేతులూ వెనక దాచుకున్నాడు. "నాకేం తెలీదండీ," అన్నాడు. మావయ్య అబద్ధం చెప్పడం నేను చూడటం అదే మొదటిసారి. అంత ఘోరంగా చెప్పేవాణ్ణి కూడా అంతకు ముందు చూడలేదు. డైరెక్టరుగారికి కోపం రాలేదు సరికదా, లేచి వచ్చి మావయ్యను కౌగిలించుకున్నారు. "మన గదిని కాపాడావయ్యా! ఆదివారం పదింటికి మీ ఇంటికొస్తాం. ఇంట్లోనే ఎక్కడో ఉంటాయి, అందరం కలిసి వెతుకుదాం."

మధ్యాహ్నం భోజనాల వేళ మావయ్య నన్ను మెట్ల కిందకి పిలిచి మొత్తం చెప్పేశాడు.

ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. ఆకుపచ్చ సిరా మొదలైన రోజు. షీటు పెడుతూండగా తుమ్మొచ్చింది, షీటు తిరిగిపోయింది, పిడి పడిపోయింది. అప్పటికి ఇరవై నాలుగు సున్నాలున్నాయి. ఎర్ర చీటీ అంటించడానికి చేతులు రాలేదు. షీటుని మంచివాటిలో కలిపి పైకి పంపి, వెనకాలే కౌంటరుకి పరుగెత్తి, మామూలు మనిషిలా వరసలో నిలబడి తనే కొనుక్కున్నాడు.

"కొని చింపేస్తే పోయేదిగా?" అన్నాను.

మావయ్య నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పసిపిల్ల గొంతు పిసకమన్నట్టు చూశాడు. "స్టాంపునా? స్టాంపు లెక్కలోంచి పోవాలంటే ఒకటే దారి. ఉత్తరం మీద ప్రయాణం చేసి ముద్ర వేయించుకోవాలి. రూల్సు పుస్తకం పన్నెండో పేజీ."

కాబట్టి వంద ఉత్తరాలు రాయాలి. ఒక కవరుకి ఒకటే అంటించాలి, ఎక్కువ అంటిస్తే సార్టింగులో ఎవరైనా ఆగి చూస్తారు. చుట్టాలకు రాస్తే కవర్లు దాచుకుని పదిమందికీ చూపిస్తారు. మరి ఎవరికి రాయాలి? అదే వారం శాఖకు ఒక ఫిర్యాదు వచ్చింది. కొండ మీద వాన కొలిచే కేంద్రంలో పనిచేసే ఒకమ్మాయి రాసింది: ఇక్కడ తేమ ఎక్కువ, మీ స్టాంపుల జిగురు అంటుకోవడం లేదు, చర్య తీసుకోగలరు. చిన్న ఉద్యోగి కదా అని జవాబు రాసే పని మావయ్యకే తగిలించారు. శాఖ జవాబు శాఖ కవరులో వెళ్ళింది. ఆ పక్కనే మావయ్య సొంత ఉత్తరం ఒకటి, తలకిందుల స్టాంపుతో, కొండ రైలుకున్న పోస్టు డబ్బాలో పడింది. ఆ డబ్బా చూసే గుమస్తా ముద్ర కొట్టేటప్పుడు పైకప్పు వైపు చూసే రకం. ప్రభుత్వం పేరు తలకిందులుగా ఉన్నా దారిలో ఎవరికీ వింతగా తోచలేదు. అప్పటికే జనానికి అలవాటైపోయింది.

ఆ అమ్మాయే మా అత్తయ్య.

"మొదటి ఇరవై ఉత్తరాలు జిగురు గురించే రాశానే," అన్నాడు మావయ్య. "ఎన్ని రకాలు, ఎలా ఉడకబెడతారు, ఎందుకు ఎండుతుంది. ఇరవై ఒకటోది రాసేసరికి జిగురు అయిపోయింది. ఏం రాయాలో తెలీక అక్కడ వాన ఎలా ఉందని అడిగా. ఆవిడ మిల్లీమీటర్లతో సహా జవాబిచ్చింది."

"వంద అయ్యేసరికి?"

"రెండేళ్ళు పట్టింది."

"తర్వాత?"

"తర్వాతేముంది, పెళ్ళయింది," అని కిటికీలోంచి ఎవరివో చెప్పులు చూస్తూ కూర్చున్నాడు.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా ఇంట్లో ఆ ఉత్తరాలకున్న పేరు అలాంటిది మరి. మా అమ్మ మా నాన్నతో పోట్లాడినప్పుడల్లా, "మా తమ్ముణ్ణి చూసి నేర్చుకోండి, రెండేళ్ళు వారం తప్పకుండా ఉత్తరం రాశాడు," అనేది. మా పిన్ని ఒక సంబంధాన్ని కాదన్నది కూడా, కుర్రాడు ఆర్నెల్లలో మూడే ఉత్తరాలు రాశాడని. ఇప్పుడు తేలిందేమిటంటే ఆ ప్రేమంతా పన్నెండో పేజీ.

"రిజిస్టరు పోతే పోయిందే. గది పోతే పోయింది," అన్నాడు మావయ్య. "మీ అత్తయ్య ఆ ఉత్తరాలన్నీ బిస్కెట్ల డబ్బాలో పెట్టి ఇరవై ఏడేళ్ళ నుంచి అలమారు పైన దాచుకుంది. ఎవరికోసం రాశారని ఆవిడ అడిగితే నేనేం చెప్పను? ఎలాగైనా ఆ డబ్బా తీసుకొచ్చెయ్యవే."

దొంగతనం నాకు చేతకాదు. అయినా శనివారం సాయంత్రం వెళ్ళాను. అత్తయ్య బాల్కనీలో ఉంది. ఉద్యోగం మానేసి ఏళ్ళయినా ఆవిడ బాల్కనీలో ఒక ఇత్తడి కొలపాత్ర పెట్టుకుని రోజూ వాన కొలిచి పుస్తకంలో రాసుకుంటుంది. వాన లేని రోజు 'లేదు' అని రాస్తుంది. నేను కుర్చీ ఎక్కి అలమారు పైన చెయ్యి పెట్టాను. బిస్కెట్ల డబ్బా ఉండాల్సిన చోట గుండ్రటి దుమ్ములేని మచ్చ మాత్రం ఉంది.

"ఏం వెతుకుతున్నావే?" అంది వెనక నుంచి.

"ఏం లేదత్తయ్యా. బూజు దులుపుదామని."

"మీ ఇంట్లో బూజు అయిపోయిందా?" అంది.

ఆదివారం సరిగ్గా పదింటికి డైరెక్టరుగారు బూట్లు గుమ్మం దగ్గర విడిచారు. పక్కన భూతద్దం ఆయనవి. డైరెక్టరుగారి చంకలో తప్పుల రిజిస్టరు. మావయ్య తేలు కుట్టిన దొంగలా గోడకానుకుని నిలబడ్డాడు. అత్తయ్య అందరికీ టీ ఇచ్చి కూర్చుంది.

"అమ్మా, మీవారు మహానుభావుడు," అని డైరెక్టరుగారు మొదలుపెట్టారు. "ఇరవై తొమ్మిదేళ్ళ కిందట ఒక అద్భుతమైన తప్పు చేశారు. కానీ ఒప్పుకోవట్లేదు. ఆ వంద స్టాంపులూ ఎవరికో ఉత్తరాలు రాయడానికి వాడేసి ఉంటారని ఈయన అనుమానం. ఎవరికయ్యా రాశావ్? చెప్పు, పెద్ద పనేం కాదుగా."

నేను నేల చూపులు చూస్తున్నాను. డైరెక్టరుగారు రెండోసారి అడగబోతుంటే మావయ్య గోడ వదిలి ముందుకొచ్చాడు.

"వేరేవాళ్ళు చెప్పేకంటే నేనే చెప్తా," అన్నాడు, డైరెక్టరుగారితో కాదు, అత్తయ్యతో. "ఆ ఉత్తరాలు నీ కోసం రాసినవి కావు. స్టాంపులు వదిలించుకోడానికి రాశా. జిగురు గురించి అంత రాసింది కూడా అందుకే. నీ ఫిర్యాదు చేతికి దొరికింది, నీ చిరునామా దూరంగా ఉంది. అంతే." అని, డైరెక్టరుగారి ఒళ్ళోంచి రిజిస్టరు తీసుకుని, ఆ తేదీ దగ్గర సున్నా కొట్టేసి 'ఒకటి' అని రాసి సంతకం పెట్టాడు. సంతకం వంకర పోయింది. భూతద్దం ఆయన ఆ సంతకాన్ని కూడా భూతద్దంతో చూశాడు. "ఇదిగో, ఇలా ఉండాలి," అని గొణిగాడు.

అత్తయ్య టీ గ్లాసు కింద పెట్టింది.

"తెలుసు," అంది.

లేచి బాల్కనీలోకి వెళ్ళి కొలపాత్ర వెనక నుంచి బిస్కెట్ల డబ్బా తెచ్చింది. "వానని మిల్లీమీటర్లలో కొలిచేదాన్నండీ నేను. మొదటి కవరు మీదే చూశా, అక్షరాలు తలకిందులుగా ఉన్నాయని. రెండోదీ అంతే, పదోదీ అంతే. షీటుకి వంద అని ఎవరికి తెలీదు? ఈ పిచ్చి మనిషి ప్రతి ఉత్తరానికీ పైన వరస నంబరు కూడా వేసేవాడు. వంద దాకా వస్తాయి, తర్వాత ఆగిపోతాయి అనుకున్నా."

భూతద్దం ఆయనకు చేతులు ఆగలేదు. కవర్లు తీసి బల్ల మీద పదేసి చొప్పున పేర్చాడు. తొంభై తొమ్మిది.

"పదిహేడోది నాకు చేరలేదు," అంది అత్తయ్య. "మీ దగ్గరున్న స్టాంపు దానిదే అయ్యుంటుంది. ఉత్తరం ఏదండీ?"

"ఉత్తరమా?" అన్నాడు భూతద్దం ఆయన. "ఎవరో పారేసి ఉంటారమ్మా. ఉత్తరానికి విలువేముంటుంది?"

"జిగురులో చీమలు పడకుండా ఏం చేయాలో రాశా అందులో," అన్నాడు మావయ్య మెల్లగా.

"చూశారా, ఇన్నాళ్ళూ నాకు తెలీనేలేదు," అంది అత్తయ్య, నిజంగానే బాధపడుతూ.

డబ్బా అడుగున ఇంకో కవరు మిగిలింది. భూతద్దం ఆయన ఆశగా తీసి వెలుతురుకి పెట్టి చూశాడు, పెదవి విరిచాడు. "ఇది మామూలుదేనండీ. అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. దీన్ని ఎవరూ కొనరు," అని పక్కకి తోసేశాడు.

అత్తయ్య ఆ కవరుని చటుక్కున తీసుకుంది. "ఆ కవర్లన్నీ పట్టుకెళ్ళండి, మీ గది నిలబడితే సంతోషమే. లోపలి ఉత్తరాలు మాత్రం ఇక్కడ పెట్టి వెళ్ళండి. ఇది ఇవ్వను." తర్వాత మావయ్య వైపు తిరిగింది. "వందోది వచ్చాక పదకొండు రోజులు ఏమీ రాలేదు. సరే, షీటు అయిపోయింది అనుకున్నా. నాకు ఏడుపొచ్చింది, మీకెందుకు చెప్పాలి గానీ, బాగానే ఏడ్చా. పన్నెండో రోజు ఇదొచ్చింది. స్టాంపు మీద అక్షరాలు నిటారుగా ఉన్నాయి. మళ్ళీ డబ్బులు పెట్టి మంచిది కొని అంటించారు. ఆ సాయంత్రమే మా నాన్నతో చెప్పా, చేసుకుంటే ఈయన్నే చేసుకుంటానని. ముందు వందా చూసి కాదు."

మావయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ తీసి మళ్ళీ తుడుచుకున్నాడు. నేనైతే దాచుకోకుండా ఏడ్చేశాను. డైరెక్టరుగారు ఏం చేయాలో తెలియక ఖాళీ గ్లాసులోంచి టీ తాగారు.

అత్తయ్య కాగితం మడత విప్పి మావయ్య చేతికిచ్చింది. పైన నంబరు 101 అని ఉంది. కింద నాలుగే వాక్యాలు. మావయ్య పైకి చదివాడు: "జిగురు గురించి చెప్పవలసినదంతా చెప్పాను. ఇక వ్రాయుటకు ఏమీ లేదు. అయినను వ్రాస్తున్నాను. అక్కడ వాన పడుచున్నదా?"

చదివి, కాగితం మీంచి తలెత్తి, జవాబు ఎప్పుడూ వినలేదన్నట్టు అడిగాడు.

"పడిందా?"

"పన్నెండున్నర మిల్లీమీటర్లు," అంది అత్తయ్య.